మిర్చి బస్తాలో పురుగుమందు లెక్క

జగదల్‌పూర్‌లో వ్యవసాయ రుణాలు చూసే అధికారిగా మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. బస్తర్ అనగానే మన కుటుంబాల్లో చాలామందికి అడవి, చిత్రకోట్ జలపాతం, దసరా రథం, ఆపైన పేపర్లో వచ్చే వార్తలు గుర్తొస్తాయి. కానీ దక్షిణాన బీజాపూర్ జిల్లాలోకి, భోపాల్‌పట్నం వైపు వెళ్తే సంతలో తెలుగు వినిపిస్తుంది. ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసేది ఆ దగ్గరలోనే, భద్రకాళి దగ్గర. గోదావరి దాటితే తెలంగాణ. ఆ ఒడ్డు భూముల్లో మిరప తోటలున్నాయి. కాయ ఎండాక ఎక్కువగా వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పోతుంది, కొంత ఖమ్మం.

ఈ తోటల పరిశీలనకు వెళ్ళినప్పుడల్లా నాకు వినపడే మాట ‘రెసిడ్యూ’. “ఈసారి రెసిడ్యూ ఉందని రేటు తెగ్గోశారు సార్” అంటారు రైతులు. అంటే ఏమిటని అడిగితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో అర్థం చెబుతారు. ఒకరికి అది కొత్త తెగులు, ఇంకొకరికి వ్యాపారుల మాయ. మా అమ్మాయి అయితే ఫోన్లో వార్త చదివి, “మన మిర్చిని విదేశాలవాళ్ళు విషమని వెనక్కి పంపారట, మనం తినేది అదేనా?” అని అడిగింది. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

పంట మీద మందు కొడితే అది కొంత ఎండకు, వానకు పోతుంది, కొంత కాయలోనే మిగులుతుంది. మిగిలినదాన్ని అవశేషం అంటారు. కిలో సరుకులో అది ఎంత వరకు ఉండవచ్చో చట్టం చెప్పే అంకె గరిష్ఠ అవశేష పరిమితి. అధికారుల భాషలో ఎం.ఆర్.ఎల్. ఈ అంకె మందు మందుకూ మారుతుంది, పంట పంటకూ మారుతుంది, దేశం దేశానికీ మారుతుంది. ఐక్యరాజ్య సమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1963లో కోడెక్స్ అనే సంఘాన్ని ఏర్పాటు చేశాయి. అది అంతర్జాతీయ అంకెలను సూచిస్తుంది. వాటిని పాటించాలో, ఇంకా కఠినంగా ఉండాలో దిగుమతి చేసుకునే దేశం ఇష్టం. మన దేశంలో ఈ పని ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. చేస్తుంది.

యూరోపియన్ యూనియన్‌ది అన్నిటికంటే బిగువైన పద్ధతి. వాళ్ళ 2005 నాటి 396వ నంబరు నిబంధన 2008 సెప్టెంబరు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఒక మందుకు ఒక పంట మీద ప్రత్యేకంగా అంకె లేకపోతే దానికదే వర్తించే పరిమితి కిలోకు 0.01 మిల్లీగ్రాము. ఎంతో తెలియాలంటే, పది టన్నుల లారీలు పది వరసగా నిలబెట్టి, ఆ మొత్తం సరుకులో ఒకే ఒక్క గ్రాము మందు కలిపితే ఆ లెక్క వస్తుంది. అంతకు పైన ఉంటే సరుకు చెల్లదు.

ఇక్కడే చాలామంది పొరపడేది. ఈ అంకె విషానికి హద్దు కాదు. ఒక మందు మనిషికి ఎంత వరకు ఫరవాలేదు అన్నది వేరే లెక్క. జంతువుల మీద ప్రయోగాల్లో ఏ హానీ కనిపించని మోతాదును తీసుకుని, సాధారణంగా దాన్ని వందతో భాగిస్తారు. జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేదనే మోతాదు అలా వస్తుంది. ఎం.ఆర్.ఎల్. పుట్టేది పొలంలో. మందు డబ్బా మీద రాసినట్టే, అన్ని మిల్లీలీటర్లే, అన్నిసార్లే కొట్టి, చెప్పినన్ని రోజులు ఆగి కోస్తే కాయలో ఎంత మిగులుతుందో ప్రయోగ క్షేత్రాల్లో కొలుస్తారు. దాన్నిబట్టి అంకె వేస్తారు. ఆ తర్వాత, ఇంత మిగిలితే మనుషుల రోజువారీ మోతాదు దాటుతుందా అని సరిచూస్తారు. కాబట్టి పరిమితి దాటింది అంటే ముందుగా తేలేది, ఎక్కడో ఎవరో లేబుల్ ప్రకారం నడుచుకోలేదని, లేదా ఆ దేశం అనుమతించని మందు వాడారని.

ఊరికే లెక్క కోసం ఒక మందు తీసుకుందాం. దాని రోజువారీ హద్దు శరీర బరువులో కిలోకు 0.01 మిల్లీగ్రాము అనుకుందాం. అరవై కిలోల మనిషికి రోజుకు 0.6 మిల్లీగ్రాము. మిర్చిలో ఆ మందు కిలోకు 0.5 మిల్లీగ్రాము ఉందనుకుందాం. అంటే 0.01 పరిమితికి యాభై రెట్లు. మనవాళ్ళు ధారాళంగా రోజుకు పది గ్రాముల కారం తిన్నా ఒంట్లోకి వెళ్ళేది 0.005 మిల్లీగ్రాము, హద్దులో 120వ వంతు. అలాగని హాయిగా తినేయమని కాదు. అదే మందు బియ్యంలో, వంకాయలో, ద్రాక్షలో కూడా ఉంటుంది. ఒకటి కాక పది మందులు ఉంటాయి. పిల్లల బరువు తక్కువ. అయితే ‘యాభై రెట్లు ఎక్కువ’ అనే వార్త చదివి గుండెలు బాదుకునే ముందు, ఏ అంకెకు యాభై రెట్లో చూసుకోవాలి. మా అమ్మాయికి సగం జవాబు ఇదే.

అంకె ఎంత త్వరగా మారిపోగలదో చెప్పడానికి వరి మంచి ఉదాహరణ. అగ్గి తెగులుకు మన రైతులు ట్రైసైక్లజోల్ వాడతారు. యూరప్ బియ్యంలో దీనికి కిలోకు 1 మిల్లీగ్రాము దాకా ఒప్పుకునేది. 2017లో దాన్ని 0.01కి దించింది. ఒకేసారి నూరు రెట్ల తగ్గుదల. బాస్మతి ఎగుమతిదారులు గగ్గోలు పెట్టారు. మన బాస్మతి యూరప్‌లో వెనకబడితే ఆ చోటును పాకిస్తాన్ బియ్యం ఆక్రమించింది. పంజాబ్, హర్యానా పొలాల్లో ఆ ఏడాది కొత్తగా ఏమీ జరగలేదు. నిరుడు కొట్టిన మందే కొట్టారు. ఆ మందు అంతకు ముందే యూరప్‌లో అనుమతి కోల్పోయింది. పాత అంకెను నిలబెట్టేంత సమాచారం ఉందని అక్కడి అధికారులకు నమ్మకం కుదరలేదు.

ఇక మిర్చి. ఈ పంటకు అవశేషాల బాధ ఎందుకు ఎక్కువంటే, చెట్టు మీద ఒకే రోజు పూత, పిందె, పచ్చికాయ, పండుకాయ అన్నీ ఉంటాయి. వరి అయితే కోతకు నెల ముందే మందులు ఆగిపోతాయి. మిరప మూడు నాలుగు కోతలు కోస్తాం. పైన పూతను కాపాడుకోవడానికి కొట్టిన మందు కింద రేపు కోయబోయే పండుకాయ మీదా పడుతుంది. డబ్బా మీద ‘ఆఖరి పిచికారికి, కోతకు మధ్య ఇన్ని రోజులు ఆగాలి’ అని ఉంటుంది. కూలీలు దొరికిన రోజే కోత. ఆ గడువును ఎవరు లెక్కపెడతారు? దీనికి తోడు 2021–22లో ఆంధ్ర, తెలంగాణల్లో నల్ల తామర పురుగు విరుచుకుపడింది. పూతలో దూరి తినేసే ఈ పురుగు మన దేశానికి కొత్త. రెండు రోజులకొకసారి ట్యాంకు భుజానికెత్తుకున్న రైతులు ఉన్నారు. ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ తెలియక దొరికినవన్నీ కలిపి కొట్టారు.

ఆపైన ఎండబెట్టడం. కాయలో నీరు పోతుంది, మందు చాలావరకు ఉండిపోతుంది. బరువు తగ్గేకొద్దీ కిలోకు లెక్క పెరుగుతుంది. కోడెక్స్‌కు సలహా ఇచ్చే నిపుణుల సంఘం పచ్చిమిరప అంకె నుంచి ఎండుమిర్చి అంకెను రాబట్టడానికి 7తో గుణిస్తుంది. యూరప్ పద్ధతిలో మిరప మసాలా దినుసు కాదు, కూరగాయ. అంకె పచ్చికాయకే ఉంటుంది. ఎండితే ఎన్ని రెట్లయిందో లెక్కగట్టి చూస్తారు. మన వంటింట్లో పోపుల పెట్టెలో ఉండేదాన్ని వాళ్ళు కూరల బుట్టలో వేశారన్నమాట.

భోపాల్‌పట్నం కల్లంలో ఎండిన కాయ మార్కెట్‌కు చేరేసరికి దాని చిరునామా పోతుంది. వ్యాపారి పది ఊళ్ళ బస్తాలు కొంటాడు. రంగు, సైజు చూసి కలుపుతాడు. శీతల గిడ్డంగిలో పెడతాడు. మళ్ళీ గుంటూరులో ఇంకొకరు కొని తొడిమ తీయించి, గ్రేడు చేసి ఎగుమతికి సిద్ధం చేస్తారు. స్పైసెస్ బోర్డుకు గుంటూరులో ప్రయోగశాల ఉంది. అక్కడ పరీక్షలో ఒక మందు ఎక్కువని తేలితే అది ఎవరి పొలం నుంచి వచ్చిందో చెప్పలేరు. పది మంది జాగ్రత్తగా పండించిన సరుకును పదకొండోవాడి రెండు బస్తాలు పాడుచేస్తాయి. అందుకే వ్యాపారి అందరికీ కలిపి రేటు తగ్గిస్తాడు. మహారాష్ట్ర ద్రాక్ష రైతులు ఈ ఇబ్బంది నుంచి కొంత బయటపడ్డారు. అపెడా నడిపే గ్రేప్‌నెట్‌లో ప్రతి తోటకూ నమోదు నంబరు ఉంటుంది, కోతకు ముందే తోటవారీగా నమూనా పరీక్ష చేస్తారు. అయినా 2010లో దెబ్బ తగిలింది. క్లోర్‌మెక్వాట్ అనే పెరుగుదల మందు పరీక్షించాల్సిన జాబితాలో లేదు, యూరప్‌లో దాన్ని పరీక్షించారు, కంటెయినర్లు ఇరుక్కుపోయాయి.

కంటెయినర్ ఇరుక్కుంటే ఏమవుతుందో మన ఎగుమతి విభాగంలో పనిచేసినవాళ్ళకు బాగా తెలుసు. అవతలి రేవులో అధికారులు ఎగుమతిదారుకు మిగిల్చే దారులు కొన్నే. సరుకు తగలబెట్టించుకోవడం, వెనక్కి తెచ్చుకోవడం, ఒప్పుకునే ఇంకో దేశానికి మళ్ళించడం. రోజుకింత అని రేవు అద్దె. బ్యాంకు ఇచ్చిన ప్యాకింగ్ క్రెడిట్ సాధారణంగా 180 రోజులకు. బిల్లు రాకపోతే ఖాతా బిగుసుకుంటుంది. లెటర్ ఆఫ్ క్రెడిట్ ఉందిగా అంటారు కొందరు. యూసీపీ 600 ఐదో అధికరణం చెప్పేది బ్యాంకులు పత్రాలతోనే వ్యవహరిస్తాయి, సరుకుతో కాదు అని. పత్రాలు సరిగ్గా ఉంటే ఆ ఒక్క బిల్లుకు డబ్బు వస్తుందేమో, తర్వాతి ఆర్డరు రాదు. ఈసీజీసీ బీమా కూడా, నాణ్యత మీద కొనుగోలుదారు తగాదా పెట్టిన చోట, ఆ తగాదా ఎగుమతిదారుకు అనుకూలంగా తేలేదాకా సాధారణంగా ఆదుకోదు. ఇలా రేవులో పుట్టిన నష్టం ఎగుమతిదారు నుంచి వ్యాపారికి, వ్యాపారి నుంచి కమీషన్ ఏజెంటుకు, చివరికి కల్లంలో కూర్చున్న రైతుకు చేరుతుంది. చేరేటప్పుడు దాని పేరు మారి ‘రేటు’ అవుతుంది.

మరి రైతు లేబుల్ ప్రకారం కొట్టవచ్చు కదా? నేను ఇక్కడికి వచ్చాక బాగా అర్థమైంది ఇదే. ఏ మందు కొట్టాలో రైతు నిర్ణయించడం లేదు. అరువిచ్చినవాడు నిర్ణయిస్తున్నాడు.

ఈ ఒడ్డు భూముల్లో కొన్నిటిని ఆదివాసీ రైతులే సాగు చేస్తారు, కొన్నిటిని తెలంగాణ, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు నోటిమాట కౌలుకు చేస్తారు. బస్తర్ ఐదో షెడ్యూలు ప్రాంతం. ఆదివాసీ భూమి ఇతరుల చేతికి పోకుండా చట్టం అడ్డు కడుతుంది. అది ఉండాల్సిన చట్టమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దాని ఫలితంగా ఈ కౌలుకు కాగితం పుట్టదు. కిసాన్ క్రెడిట్ కార్డు నిబంధనల్లో నోటిమాట కౌలుదార్లకు కూడా చోటుంది, ఉమ్మడి బాధ్యతా బృందాల పద్ధతి ఉంది. ఇలాంటి చోట ఆ దారిన పోవడం ఏ శాఖాధికారికీ తేలిక కాదు. భూమి పట్టా ఉన్న ఆదివాసీ రైతుకు కార్డు ఇవ్వవచ్చు, ఇస్తున్నాం. సకాలంలో కడితే 3 లక్షల లోపు రుణానికి పడే వడ్డీ 4 శాతమే. అయితే మిరపకు ఎకరానికి అయ్యే ఖర్చు ముందు ఆ పరిమితి చాలదు. మిగతాది మందుల షాపు ఖాతా.

ఒక కౌలురైతు నాతో అన్నాడు: “సార్, నేను షావుకారు దగ్గరికి ఆకు పట్టుకుని పోతా. ఆయన చూసి మూడు సీసాలిస్తాడు. ఈ మూడోది ఎందుకని అడిగితే, డబ్బులిచ్చి కొనేవాడివి అడుగు అంటాడు.” షాపాయనను మరీ తప్పు పట్టలేం. ఆయన బాకీ వసూలు కావాలంటే పంట నిలబడాలి, పంట నిలబడాలంటే గట్టి మందు కొట్టించాలి అన్నది ఆయన లెక్క. కమీషన్ ఎక్కువొచ్చే సీసా ఆ లెక్కలో ముందుంటుంది. గడువు పాటించమని ఆయన చెప్పడు, మన రుణపత్రమూ చెప్పదు. పైగా ‘బయో’ పేరుతో అమ్మిన సీసాల్లో రసాయన మందు కలిపినట్టు ఆంధ్ర, తెలంగాణల్లో పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. అలాంటిది కొట్టిన రైతు తన కాయలో ఆ మందు ఎలా వచ్చిందో కలలో కూడా ఊహించలేడు. ట్రైఅజోఫాస్, ఫోరేట్ లాంటివి 2020 డిసెంబరు 31తో మన దేశంలోనే నిషేధమయ్యాయి. షాపులో వెనక అరలో ఏముందో అరువు తీసుకున్నవాడు అడగలేడు.

అందుకే, నా మట్టుకు నాకు, నగదుగా చేతికందిన పంట రుణం అవశేషాలు తగ్గించే పనిముట్టులా కనిపిస్తుంది. డబ్బు చేతిలో ఉన్న రైతు ఒక సీసా కొని రెండోది వద్దనగలడు. పసుపు, నీలం రంగు జిగురు అట్టలు కొనగలడు, వ్యవసాయ శాఖవాళ్ళు చెప్పినది విని రెండు రోజులు ఆగగలడు. ఇది కాగితం మీద రుజువైన సంగతి అని నేను అనను. మూడేళ్ళు తోటల్లో తిరిగి చూసిన దానితో కలిగిన అభిప్రాయం.

బస్తర్‌లో ఇంకో రకం సరుకు ఉంది. ఎవరూ ఏ మందూ కొట్టనిది. జగదల్‌పూర్ చింతపండు మార్కెట్ చాలా పెద్దది. మన ఇళ్ళలో పులుసుకు పడే చింతపండులో ఎంతో భాగం ఈ అడవుల నుంచి వచ్చినదే. దంతెవాడ జిల్లాలో 110 గ్రామాల్లో 65 వేల హెక్టార్లకు పైగా భూమికి సేంద్రియ ధ్రువీకరణ వచ్చింది. అయితే ఇక ఎగుమతికి అడ్డేముంది అనుకుంటాం. రెండు అడ్డులున్నాయి. ఒకటి, ఇలా ప్రాంతం మొత్తానికి కలిపి ఇచ్చే ధ్రువీకరణ మన దేశంలో అమ్మకానికే పనికొస్తుంది. యూరప్‌కు సేంద్రియం పేరుతో పంపాలంటే 2001 నుంచి ఉన్న జాతీయ కార్యక్రమం ఎన్.పి.ఒ.పి. కింద, గుర్తింపు పొందిన సంస్థ తనిఖీ చేసి ఇచ్చే వేరే సర్టిఫికెట్ కావాలి.

రెండో అడ్డు విచిత్రమైనది. మందు కొట్టకపోయినా అవశేషం రావచ్చు. 2009లో యూరప్‌లో ఎండబెట్టిన అడవి పుట్టగొడుగుల్లో నికోటిన్ బయటపడింది. అడవిలో పుట్టగొడుగు మీద మందు కొట్టేవాడెవడు? చివరికి వాటికంటూ తాత్కాలికంగా ప్రత్యేక పరిమితి పెట్టాల్సి వచ్చింది. తేయాకులో ఆంత్రాక్వినోన్ అనే పదార్థం కట్టెల పొగ నుంచి కూడా వస్తుంది. యూరప్ దాన్నీ పురుగుమందుల జాబితాలోనే లెక్కేస్తుంది. ఇక ఎథిలిన్ ఆక్సైడ్. ఇది పొలంలో కొట్టేది కానే కాదు. మసాలాల్లో సూక్ష్మజీవులను చంపడానికి గోదాములో పట్టించే వాయువు. 2020 సెప్టెంబరులో మన నువ్వుల్లో ఇది కనిపించి యూరప్ అంతటా సరుకు వెనక్కి తీయించారు. 2024 ఏప్రిల్‌లో హాంకాంగ్, సింగపూర్‌లలో మన మసాలా పొట్లాల విషయంలో వచ్చిన గొడవ కూడా దీని గురించే. యూరప్‌లో మసాలాల్లో దీని పరిమితి కిలోకు 0.1 మిల్లీగ్రాము. అమెరికా చట్టంలో అదే 7. ఒకే పొట్లం ఒక రేవులో నిక్షేపంగా దిగి, ఇంకో రేవులో నేరస్థురాలవుతుంది.

మన ఇళ్ళ సంగతి. ప్రత్యేకంగా అంకె లేని మందుకు మన చట్టంలోనూ పరిమితి 0.01 మిల్లీగ్రామే. 2024 ఏప్రిల్‌లో మసాలా దినుసులకు, ఇక్కడ నమోదు కాని మందుల విషయంలో దాన్ని 0.1కి పెంచారు. దాని మీద విమర్శలు వచ్చాయి. విదేశీ మందు గాలిలోనో నీటిలోనో అంటుకుని రావచ్చు, అంత కఠినం అక్కర్లేదన్నది ఒక వాదన. ఇంట్లో తినేవాడికి ఒక అంకె, బయటివాడికి ఒక అంకె ఏమిటన్నది రెండోది. నాకు రెండో వాదన దగ్గరగా ఉంది. ఎగుమతి సరుకును రేవులో పట్టుకునేవాడు ఉన్నాడు, వారం సంతలో పట్టుకునేవాడు అరుదు.

సంక్రాంతి దాటాక బీజాపూర్, సుక్మా జిల్లాల నుంచి ఆదివాసీ కుటుంబాలు మిర్చి కోతకు గోదావరి దాటి ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం తోటలకు వెళ్తాయి. పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్తారు. నిన్న మందు కొట్టిన తోటలో ఇవాళ ఉత్త చేతులతో కాయ కోస్తారు. అవశేషం ముందుగా తగిలేది వాళ్ళ వేళ్ళకు. దానికి ఏ దేశపు ఎం.ఆర్.ఎల్. లేదు. కూలికి బదులు మిర్చి తీసుకునేవాళ్ళూ ఉన్నారు. ఎండాకాలం మొదట్లో ఆ మూటలతో తిరిగొచ్చి, ఇంటికి కొంత ఉంచుకుని, మిగతాది సంతలో అమ్ముతారు. రంగు బాగుంటుంది, ఘాటు బాగుంటుంది. మా ఇంట్లో ఏడాదికి సరిపడా కారం పట్టించేది ఆ మిర్చితోనే. మా అమ్మాయికి చెప్పాల్సిన రెండో సగం జవాబు అది.